మా నాయనమ్మ, కేరాఫ్ 99 ఏపీఓ

మా నాయనమ్మ చదివింది ఐదో తరగతి, అదీ ఫిరంగిపురం దగ్గర ఒక పల్లెటూళ్ళో. అయినా మా ఇంట్లో జరిగిన పెద్ద పనులన్నీ, పిల్లల్ని టౌన్లో స్కూల్లో వెయ్యడం, ఆడపడుచు పెళ్ళి చెయ్యడం, స్థలం కొనడం, అన్నీ ఆవిడ ఇన్‌లాండ్ లెటర్ల మీద రాసి జరిపించినవే. తాతయ్య మిలటరీ. మద్రాస్ సాపర్స్‌లో చేశాడు, అంటే ఇంజినీర్లు అన్నమాట, వంతెనలు వెయ్యడం, మందుపాతరలు పెట్టడం, తియ్యడం వాళ్ళ పని. బెంగళూరులో అల్సూరు చెరువు పక్కన వాళ్ళ సెంటరు. 1960లో పెళ్ళయింది, పెళ్ళికి సెలవు పెట్టుకుని వచ్చిన మనిషి సెలవు అయిపోగానే నల్ల ట్రంకు పెట్టె భుజాన వేసుకుని వెళ్ళిపోయాడంట, అప్పటినుంచి 1978లో పెన్షన్ మీద ఇంటికొచ్చేదాకా, బెంగళూరులో క్వార్టర్స్ దొరికిన ఆ రెండేళ్ళు పక్కన పెడితే, వాళ్ళ కాపురమంతా పోస్టాఫీసు మీదే నడిచింది.

మిలటరీ వాళ్ళు భార్యాపిల్లల్ని ఎక్కడికైనా వెంట తీసుకెళ్ళొచ్చనుకుంటారు చాలామంది. అట్టా ఏం ఉండదు. ఫీల్డ్ పోస్టింగ్, అంటే సరిహద్దు వైపు డ్యూటీ అయితే అసలు ఫ్యామిలీ ఉండకూడదు. పీస్ స్టేషన్, అంటే మామూలు ఊళ్ళో కంటోన్మెంట్ వచ్చినా క్వార్టర్స్ కొన్నే ఉంటాయి, సీనియారిటీ లిస్టులో పేరు రావాలి, మామూలు జవానుకి వంతు వచ్చేసరికి పోస్టింగే మారిపోయేది. ఏడాదికి రెండు నెలలు సెలవు, మిగతాదంతా ఉత్తరాలే. ఆ అడ్రసులో కూడా ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని రాస్తే పడమటి వైపు, 99 ఏపీఓ అని రాస్తే తూర్పు వైపు. ఎక్కడున్నాడో ఆయన రాయకూడదు, ఈవిడ అడక్కూడదు. ఏపీఓ నంబరు మారితే గోడ మీద కేలెండర్ పక్కన పెన్సిల్‌తో రాసుకునేది, మా ఆయన ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్ళాడు అని ఆవిడకి తెలిసేది అంతవరకే.

ఆ ఉత్తరాలు కొన్ని మా నాన్న దగ్గర ఉన్నాయి, నేను చదివాను. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, మనియార్డరు ముట్టింది, గేదె ఈనింది, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గలా, పెద్దోడికి లెక్కల్లో ఇన్ని మార్కులు, ఇట్టా అన్నీ రాసుకుంటూ వచ్చి, కాగితం చివర చోటు అయిపోయే చోట రెండు లైన్లలో అసలు సంగతి ఉండేది. ఫలానా పని చేద్దామనుకుంటున్నాను, మీరు ఎట్లా చెప్తే అట్లా. ఉత్తరం వెళ్ళి జవాబు వచ్చేసరికి మూడు వారాలు, ఒక్కోసారి నెల. ఈలోపు బిడ్డకి జ్వరం ఆగదు, స్కూల్లో సీటు ఆగదు, బేరం ఆగదు. అందుకని ఆవిడ పని చేసేసి ఉత్తరం రాసేది. "ఎట్లా చెప్తే అట్లా" అనేది మాత్రం ఏ ఉత్తరంలోనూ మానలేదు. అది నటన అనుకుంటారేమో, కాదు. ఇంటి పెద్ద ఆయనే, ఊళ్ళో లేడు కాబట్టి ఆయన పని నేను చేస్తున్నాను అనేదే ఆవిడ ఉద్దేశం, చివరిదాకా ఆ మాట మీదే ఉంది.

స్థలం సంగతి చెప్పాలి. 1969లో గుంటూరులో గుజ్జనగుండ్ల వైపు అన్నీ పొలాలు. అప్పటికి వీళ్ళు అరండల్‌పేట చివర రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నారు. పాలు పోసే ఆయన ఎవరో చెప్పాడంట, అమ్మా అక్కడ ప్లాట్లు వేస్తున్నారు, ఇప్పుడైతే చవక అని. నాయనమ్మ తెల్లారే ఒక్కతే రిక్షా కట్టించుకుని వెళ్ళి చూసొచ్చింది, నీళ్ళు పడతాయా, రోడ్డు ఎటునుంచి వస్తది, పక్క స్థలం ఎవరిది అని నలుగుర్ని అడిగింది, సాయంత్రానికి సంచకారం ఇచ్చేసింది. రిజిస్ట్రేషన్‌కి ఆయన సంతకం కావాలంటే ఆయన రావాలి కాబట్టి తన పేరు మీదే రాయించుకుంది. ఊళ్ళోంచి వచ్చిన వాళ్ళత్తగారు నోటికొచ్చినట్టు తిట్టింది, "మొగుడు ఊళ్ళో లేకుండా ఆడది స్థలం కొంటదా, తన పేరున రాయించుకుంటదా" అని. నాయనమ్మ ఒకటే అన్నదంట, "ఆయనున్నప్పుడే కొనాలంటే ఏడాదికి రెండు నెలలేగా అత్తయ్యా, వాళ్ళు మనకోసం ఆగరు."

డబ్బులు చాలక నానుతాడు తాకట్టు పెట్టింది. ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు, రాస్తే ఆయన అక్కడ అన్నం సరిగ్గా తినడని. ఆయన జవాబు వచ్చింది, ఆ కార్డు నా చేత్తో పట్టుకుని చూశాను, సిరా వెలిసిపోయింది కానీ చదవొచ్చు. స్థలం సంగతి తెలిసినది, కాగితములు ట్రంకు పెట్టెలో పెట్టుము, నానుతాడు విడిపించుటకు వచ్చే నెల నుంచి పది రూపాయలు ఎక్కువ పంపెదను. చెప్పకుండానే లెక్క కట్టుకున్నాడు పెద్దాయన, ఇంట్లో ఎంత ఉందో, స్థలం ఎంతో, మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందో. అన్నేళ్ళు దూరంగా ఉన్న ఇద్దరు మనుషులు ఒకళ్ళనొకళ్ళు ఎంత ఎరిగి ఉన్నారో నాకు ఆ కార్డు చూస్తే అర్థమవుద్ది.

1962లో చైనా యుద్ధం వచ్చినప్పుడు మా నాన్న పొత్తిళ్ళలో పిల్లాడు. డిఫెన్స్ ఫండ్‌కి దేశమంతా ఆడవాళ్ళు బంగారం ఇస్తుంటే ఈవిడ వేలి ఉంగరం ఇచ్చింది. దాని గురించి మేం గొప్పగా చెప్తే విసుక్కునేది, మనిషినే పంపించా, ఉంగరం ఒక లెక్కా అని. 1965 అప్పుడు తాతయ్య పంజాబ్ వైపు ఉన్నాడు. అప్పుడే లాల్‌బహదూర్ శాస్త్రిగారు తిండిగింజల కరువని వారానికి ఒక పూట భోజనం మానమని అడిగారు, సోమవారం రాత్రి అని. శాస్త్రిగారు 1966 జనవరిలో తాష్కెంట్‌లో పోయారు, కరువు కూడా పోయింది, నాయనమ్మ మాత్రం సోమవారం రాత్రి అన్నం తినడం మళ్ళీ మొదలుపెట్టలా. వీధిలో అందరూ శివుడికి ఉపవాసం అనుకునేవాళ్ళు. నేను చిన్నప్పుడు అడిగితే "శివుడికీ అనుకో, శాస్త్రిగారికీ అనుకో, ఆయన అడిగినప్పుడు సరేనన్నాను, ఇక చాలు అని ఎవరూ చెప్పలేదుగా" అన్నది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా సోమవారం రాత్రి మజ్జిగే.

బెంగళూరులో ఉన్న రెండేళ్ళే ఆవిడ జీవితంలో సుఖపడిన రోజులని మా అత్త అంటుంది. అప్పట్లో గుంటూరు నుంచి గుంతకల్లు దాకా మీటర్‌గేజి, నల్లమల అడవి మధ్యలోంచి వెళ్ళే బండి, ఇద్దరు పిల్లల్ని, ఒక ట్రంకుని, బెడ్డింగుని, మాటు వేయించిన ఆవకాయ డబ్బాని వేసుకుని ఒక్కతే వెళ్ళింది. క్వార్టర్స్‌లో ఒక పక్క తమిళ ఆవిడ, ఒక పక్క మలయాళీ ఆవిడ, ఎదురుగా కన్నడం వాళ్ళు. మొదటి నెల సైగలే. తర్వాత తమిళం మాట్లాడేది, హిందీ కూడా వచ్చేసింది, కూరగాయలవాడితో ఒక భాష, స్కూల్లో టీచర్‌తో ఒక భాష. మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారం ఎప్పుడన్నా పుట్టు చేస్తారు, బియ్యప్పిండి ఆవిరి మీద ఉడికించే మలయాళీల వంట, గుంటూరులో మా చుట్టాలకి అదేంటో తెలీదు, పక్కన కడలకూర (శనగల కూర) బదులు నాయనమ్మ గోంగూర పచ్చడి పెట్టేది, ఆ రెండూ కలిపి తింటే ఎట్టా ఉంటదో తిన్నవాళ్ళకే తెలుసు.

ఇక 1971. చిన్న బాబాయికి అప్పుడు ఏడాది. తాతయ్య ఉత్తరం ఆఖరుసారి నవంబరు మొదట్లో వచ్చింది, కేరాఫ్ 99 ఏపీఓ, అంటే తూర్పు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. వీళ్ళింట్లో రేడియో లేదు, పక్కింటి మాస్టారి ఇంట్లో ఉండేది, పొద్దున్నే ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు వినేది. గుమ్మం బయటే నిలబడి వినేదంట, లోపలికి రమ్మంటే వచ్చేది కాదు, పిల్లలు ఏం చేసినా అక్కణ్ణుంచే కనపడతారని. విశాఖ దగ్గర పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ సబ్‌మెరైన్ మునిగిపోయిందని తెలిసినప్పుడు వీధంతా హడావిడి, ఈవిడకి మాత్రం నదులు దాటడం, వంతెనలు వెయ్యడం అనే మాట వస్తేనే చెవులు నిక్కబొడుచుకునేవి. ఎందుకంటే వంతెన వేసేవాళ్ళు అందరికంటే ముందు వెళ్ళాలి, అది ఆవిడకి బెంగళూరు క్వార్టర్స్‌లోనే తెలిసిపోయింది.

ఆ రోజుల్లో ఆవిడ భయమంతా టెలిగ్రాం గురించి. సైకిల్ బెల్లు సందులో మోగితే చేతిలో పని ఆగిపోయేది, సైకిల్ వాళ్ళ గుమ్మం దాటిపోయేదాకా. మా నాన్నకి తొమ్మిదేళ్ళు, ఆయనకి బాగా గుర్తు, అమ్మ చేతిలో చేట అట్టాగే గాల్లో ఉండిపోయేది అంటాడు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, తొంభై మూడు వేల మంది, ఊరంతా మిఠాయిలు పంచుకున్నారు, మాస్టారు వీళ్ళకి కూడా లడ్లు తెచ్చిచ్చారు. పిల్లలకి పెట్టింది, తను నోట్లో పెట్టుకోలేదు. యుద్ధం గెలిచామని రేడియో చెప్పింది, ఆయన ఉన్నాడని ఎవరూ చెప్పలేదు కదా.

సంక్రాంతి వచ్చింది, ఉత్తరం రాలేదు. నాయనమ్మ మూడు రోజులూ ముగ్గులు వేసింది, గొబ్బెమ్మలు పెట్టింది, అరిసెలు చేసింది. మనసెట్టా ఒప్పింది అని మా అత్త పెద్దయ్యాక అడిగిందంట. "ముగ్గు వెయ్యకపోతే వీధిలో ఏదో అనుకుంటారు, అది ఊళ్ళో మీ నాయనమ్మ చెవిన పడితే ఆ ముసలావిడ మంచమెక్కుద్ది, ఇంకోటి మోసే ఓపిక నాకు లేదు" అన్నదంట. పండగ వెళ్ళిన తర్వాత వచ్చింది ఉత్తరం. నేను క్షేమం, ఇక్కడ నదులు మన కృష్ణ కంటే పెద్దవి, పని ఎక్కువగా ఉన్నది, సెలవు ఇప్పట్లో లేదు. అంతే. అది చదువుకుని మడిచి రవికలో పెట్టుకుని, మినప్పప్పు నానబోసి, సాయంత్రం వీధి మొత్తానికి గారెలు వండి పంచింది. మా నాన్న దృష్టిలో బంగ్లాదేశ్ యుద్ధం అయిపోయింది ఆ రోజే.

యుద్ధం అయిపోయినా సాపర్లకి పని అయిపోదు, విరిగిన వంతెనలు బాగుచెయ్యాలి, పాతిపెట్టినవన్నీ ఏరాలి. ఆయన సెలవు మీద వచ్చేసరికి 1972 చివర. వచ్చాక ఇక్కడ జై ఆంధ్ర ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. బందులు, ఎన్జీవోల సమ్మె, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో ఎప్పుడు ఆగుతాయో తెలీదు, విజయవాడ మీదుగా పోవాల్సిన బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోతున్నాయి. ఆయన సెలవు అయిపోవస్తోంది. సివిల్ ఉద్యోగమైతే రెండు రోజులు ఆలస్యమైనా ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, మిలటరీలో సెలవు దాటితే అది నేరం కిందకి వస్తది, సర్వీసు బుక్కులో ఎర్ర సిరాతో పడుద్ది, దాంతో ప్రమోషన్ వెనక్కి పోవచ్చు. తాతయ్య నడిచైనా పోతానని బయల్దేరబోయాడంట. నాయనమ్మ ఆపింది. రైల్వే స్టేషన్‌కి వెళ్ళి స్టేషన్ మాస్టర్ గారిని అడిగి, ఫలానా తేదీ నుంచి ఈ వైపు బండ్లు నడవడం లేదని రాయించి ముద్ర వేయించుకుంది. పక్కింటి మాస్టారి చేత ఇంగ్లీషులో టెలిగ్రాం రాయించి యూనిట్‌కి కొట్టించింది, ఆ రసీదు కూడా దాచింది. ఆ రెండు కాగితాలూ తాతయ్య జేబులో పెట్టి, "ఇవి చూపించండి, వాళ్ళు ఏమన్నా అంటే నాకు రాయండి" అన్నదంట. వాళ్ళు ఏమీ అనలేదు. ఆయన హవల్దార్ అయిందీ, పెన్షన్‌కి ముందు నాయబ్ సుబేదార్ అయిందీ ఆ తర్వాతే, నా లెక్కలో ఆ ప్రమోషన్లలో సగం నాయనమ్మవి.

1978లో పెన్షన్ వచ్చి ఇంటికొచ్చేశాడు. అందరూ అనుకుంటారు ఇక కష్టాలు తీరాయి అని. నాయనమ్మ మాత్రం ఆ మొదటి ఏడాదే అన్నిటికంటే కష్టం అనేది. మా నాన్నకి పదహారేళ్ళు, తండ్రితో నాలుగు మాటలు వరసగా మాట్లాడి ఎరగడు. చిన్నప్పుడు తాతయ్య సెలవులో వస్తే తలుపు వెనక దాక్కునేవాడంట. చిన్న బాబాయికి ఎనిమిది, నాలుగు రోజులు చూసి వాళ్ళమ్మని అడిగాడు, "ఈ మిలటరీ ఆయన మళ్ళీ ఎప్పుడు పోతాడమ్మా" అని. తాతయ్య పక్క గదిలో ఉన్నాడు, విన్నాడు. తెల్లవారి నాలుగున్నరకి లేచి బూట్లు పాలిష్ చేసుకునేవాడు, బూట్లు వేసుకుని వెళ్ళడానికి చోటు ఉండేది కాదు. పిల్లల్ని లైన్లో నిలబెట్టి గోళ్ళు చూసేవాడు. ఇంట్లో ఏది ఎక్కడుందో తెలీదు, ఉప్పు డబ్బా కూడా అడగాలి.

నాయనమ్మ ఎవర్నీ ఏమీ అనలా. మెల్లగా ఒక్కోటి ఆయన చేతికిచ్చింది. రేషన్ షాపు క్యూ ఆయనది, బాబాయిని సైకిల్ మీద స్కూల్లో దింపడం ఆయనది, ఆ దోవలో ఇద్దరికీ మాటలు కలుస్తాయని. ఒకరోజు పద్దెనిమిదేళ్ళ లెక్కల పుస్తకాలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టింది, ప్రతి మనియార్డరు, పాల డబ్బులు, నోటుబుక్కులు, నానుతాడు వడ్డీతో సహా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రోజుల తరబడి చదివాడంట, ఆయన లేనప్పుడు ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఇంకో దారి లేదు. ఒకచోట ఆగి, "మూడో నెల్లో నీకు ఆపరేషన్ అయిందని ఉంది, నాకు రాయలేదే" అన్నాడంట. "రాస్తే మీరేం చేసేవాళ్ళు" అన్నది ఈవిడ. అప్పటినుంచి ఆయన ఒక్కటి మాత్రం మార్చుకోలేదు, పెన్షన్ డబ్బు తెచ్చి ఆవిడ చేతిలోనే పోసేవాడు, తర్వాత బ్యాంకులో గార్డుగా చేరాక ఆ జీతం కూడా. కమ్యుటేషన్ డబ్బులతో, అంటే పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకున్న డబ్బులతో, ఆ గుజ్జనగుండ్ల స్థలంలోనే ఇల్లు కట్టారు. మేమందరం పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే.

తాతయ్య 2004లో పోయాడు. నాయనమ్మ ఫ్యామిలీ పెన్షన్‌కి పెద్దగా ఇబ్బంది పడలేదు, ఎందుకంటే ఆవిడ కాగితం వదిలే మనిషి కాదు. పెళ్ళయినా, బిడ్డ పుట్టినా యూనిట్‌కి రాసి పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే జవాను రికార్డులో ఎక్కించే ఆర్డర్‌లో, వేయించాలి, లేకపోతే రికార్డుల్లో ఆ భార్యా లేదు ఆ బిడ్డా లేదు. ఆ సంగతి తెలీక ఎంతమంది ఏడ్చారో ఆవిడ చూసింది. ఒకళ్ళకి డిశ్చార్జ్ బుక్కులో లక్ష్మి, రేషన్ కార్డులో వెంకటలక్ష్మి, ఆధార్‌లో ఇంకోటి, ఆ ఒక్క తేడాకి నెలల తరబడి పెన్షన్ ఆగిపోతుంది. మా పక్క ఊళ్ళో ఒకావిడకి ఒక బ్యాంకు వాళ్ళు ఏడాదిన్నర తిప్పారు. నాయనమ్మ ఆవిడ్ని వెంటబెట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసుకి వెళ్ళింది, అఫిడవిట్ చేయించింది, అలహాబాదు పెన్షన్ ఆఫీసుకి రిజిస్టర్ పోస్టు పంపించింది, కూర్చుని పీపీఓ (పెన్షన్ ఆర్డరు కాగితం) మీద ప్రతి లైనూ వేలు పెట్టి చదివించింది. బకాయిలతో సహా వచ్చాయి. అది తెలిసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లకి మా వరండా నిండిపోయేది, పొన్నూరు వైపు నుంచి, సత్తెనపల్లి వైపు నుంచి ముసలమ్మలు ప్లాస్టిక్ కవర్లలో కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. ముందు అన్నం పెట్టేది, తర్వాత కవరు విప్పమనేది. 2015లో వన్ ర్యాంక్ వన్ పెన్షన్, అంటే ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు వాళ్ళకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ అనేది, వచ్చినప్పుడు టేబుల్స్ చూసి ఎవరికెంత పెరగాలో ఈవిడే లెక్కకట్టి చీటీ రాసిచ్చేది, డెబ్భై దాటాక, భూతద్దం పట్టుకుని.

మా బాబాయి కొడుకు కూడా గుంటూరు రిక్రూట్‌మెంట్‌లోనే సెలెక్ట్ అయ్యి ఆర్మీకి వెళ్ళాడు. అవును, "ఈ మిలటరీ ఆయన మళ్ళీ ఎప్పుడు పోతాడు" అని అడిగిన ఆ చిన్న బాబాయి కొడుకే. 2018లో వాడి పెళ్ళయింది, సెలవు అయిపోయి వాడు వెళ్ళిపోతుంటే ఆ పిల్ల గదిలోంచి బయటికి రాలేదు. నాయనమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. ఓదార్పు మాటలేమీ చెప్పలా. "ఏడువమ్మా, ఎవరొద్దన్నారు, ఏడ్చి లేచాక ఒక నోటుబుక్కు తెచ్చుకో" అన్నది. ఆ నోటుబుక్కులో ఆవిడ చెప్తుంటే ఆ పిల్ల రాసుకుంది. పెళ్ళి పార్ట్ టూ ఆర్డర్ పడిందా, నంబరు, తేదీ. జాయింట్ అకౌంట్. గ్రూప్ ఇన్సూరెన్స్ నామినేషన్‌లో పేరు, స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే. డిపెండెంట్ కార్డు. వాడి యూనిట్‌లో ఇంకో తెలుగువాడి భార్య ఫోన్ నంబరు. ఇవన్నీ రాయించాక, సెలవులో ఇంటికొచ్చినప్పుడు మొదటి వారం పిల్లల మీద, అత్తగారి మీద ఫిర్యాదులు చెప్పకూడదు, రెండో వారం నుంచి చెప్పొచ్చు, ఆఖరి రెండు రోజులు మళ్ళీ చెప్పకూడదు, అది కూడా రాయించింది.

ఆ మరుసటి ఏడాది నాయనమ్మ పోయింది. వాడిది ఇప్పుడు ఫీల్డ్ పోస్టింగు, సిగ్నల్ ఉన్నప్పుడు వీడియో కాల్ చేస్తాడు, ఉత్తరాలు లేవు. ఆ అమ్మాయి ఇద్దరు పిల్లలతో ఆ ఇంట్లోనే మా బాబాయి వాళ్ళ దగ్గర ఉంటుంది. కిందటి నెల పెద్దదాన్ని స్కూలు మార్చింది. మార్చి, ఫీజు కట్టి, యూనిఫాం కొన్నాక వాడికి ఫోన్ చేసి, "ఏవండీ, స్కూలు మారిస్తే ఎట్లా ఉంటుందంటారు" అని అడిగిందంట.